అడవిని నిలబెట్టినవారికి డెల్టా ఏమివ్వాలి?

గోదావరి డెల్టాలో సర్ ఆర్థర్ కాటన్ విగ్రహం కనిపించని పెద్ద ఊరు అరుదు. 1833 నాటి డొక్కల కరువులో జనం పిట్టల్లా రాలిపోయిన ఈ ప్రాంతానికి, 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువ నీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళతోనే వరిచేలు, కొబ్బరి తోటలు, వాటిమీద లేచిన ఊళ్ళు వచ్చాయి. మే 15న ఆయన జయంతికి రైతులు దండలు వేస్తారు. గోదావరి స్నాన సంకల్పంలో ఆయన పేరు తలచే పురోహితులూ ఉన్నారు. పరాయి ప్రభుత్వపు ఉద్యోగిని ఇంతగా తలకెత్తుకున్న ప్రాంతం దేశంలో మరొకటి దొరకడం కష్టం. (ఆ ఆనకట్ట పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు మాత్రం అదే రైతుల్లో చాలామందికి తెలియదు. గౌరవం పంచడంలో వంతుల తేడా ఎప్పుడూ ఉన్నదే.) ఏమైనా, ఈ నేలకు కృతజ్ఞత చూపడం చేతకాదని ఎవరూ అనలేరు.

అయితే ఆ కృతజ్ఞత ఒకవైపే సులభంగా ప్రవహిస్తుంది. నేల రూపు మార్చి పంట పండించినవారిని గుర్తించడం తేలిక, ఎందుకంటే వారి పని కళ్ళెదుట నిలిచి ఉంటుంది. నేలను మారకుండా కాపాడినవారి విషయంలో అటువంటి ఆనవాలు ఏదీ ఉండదు. అడవి నిన్న ఎక్కడ ఉందో ఇవాళా అక్కడే ఉంటే, అది దానంతటదే ఉన్నదని అందరూ అనుకుంటారు. డెల్టా కొసన, ఉప్పునీళ్ళలో మిగిలిన మడ అడవుల రక్షణ గురించి మాట్లాడేటప్పుడు ఈ చిక్కును ముందుగా గుర్తించకపోతే, శాలువాలూ జ్ఞాపికలూ ఎన్ని పంచినా అవి చేరవలసిన చోటికి చేరవు.

కాకినాడకు దక్షిణంగా, గౌతమి పాయ సముద్రంలో కలిసే ప్రాంతంలో ఉన్న కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. దాని విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, పొన్న, తిల్ల వంటి చెట్లు బురదలో వేళ్ళూని, ఆటుపోట్లతో రోజూ మునుగుతూ తేలుతూ పెరిగే అడవి ఇది. బావురుపిల్లులకు, నీటికుక్కలకు, చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే తీరపు పక్షులకు ఇది ఆశ్రయం. అంతకంటే డెల్టా జనానికి దగ్గరైన సంగతి, రొయ్యలు, పీతలు, పండుగప్ప వంటి చేపల పిల్లలు పెరిగేది ఈ వేళ్ళ సందుల్లోనే. అడవి బయట సముద్రంలో వల వేసే మత్స్యకారుడి పట్టుబడిలో కొంత భాగం అడవిలో పుట్టినదే.

ఈ అడవిని కాపాడడం అన్నది ఒక మనిషి చేసే ఒక పని కాదు. అటవీశాఖ బీట్ ఆఫీసర్లు, సెక్షన్ ఆఫీసర్లు ఉంటారు. వారి కింద, ఎక్కువగా తాత్కాలిక వేతనం మీద పనిచేసే ప్రొటెక్షన్ వాచర్లు ఉంటారు. చుట్టూ ఉన్న ఊళ్ళలో వన సంరక్షణ సమితులు, ఈడీసీలుగా పిలిచే పర్యావరణ అభివృద్ధి సంఘాలు ఉంటాయి. ఏ జాబితాలోనూ లేని మత్స్యకారులు, వంటచెరుకు కోసం వేరే దారి వెతుక్కున్న ఆడవాళ్ళు ఉంటారు. మెట్ట అడవిలో గస్తీ అంటే నడక. ఇక్కడ గస్తీ అంటే పడవ. పోటు మీద లోపలికి వెళ్ళి, పాటు, అంటే నీరు వెనక్కి తీయడం, రాకముందే బయటపడాలి, లెక్క తప్పితే తర్వాతి పోటు వచ్చేదాకా పడవ బురదలో కూర్చుంటుంది. తాగే నీళ్ళు వెంట తీసుకుపోవాలి, చుట్టూ ఉన్నవన్నీ ఉప్పునీళ్ళే. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వేసవి ఉక్కపోతలో, దోమల మధ్య, ఏ సంఘటనా జరగకుండా ముగిసిన రోజే వారి దృష్టిలో మంచి రోజు.

అక్కడే అసలు సమస్య ఉంది. జరిగినదాన్ని లెక్కపెట్టడానికి మనకు కొలతలున్నాయి: ఎకరాకు ఎన్ని బస్తాలు, కాలువ కింద ఎంత ఆయకట్టు. జరగనిదానికి కొలత ఏది? నరకబడని చెట్టుకు, తవ్వబడని చెరువుకు, ఒడ్డు దాటి రాని ఉప్పెనకు రశీదు ఉండదు. డెల్టాకు ఉప్పెన కొత్త కాదు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపొందిన కోరంగి రేవును దెబ్బతీశాయి, రెండో దెబ్బ తర్వాత ఆ రేవు మళ్ళీ పూర్వస్థితికి రాలేదు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఇటువంటి ప్రాంతంలో కాకినాడ రేవుకు అడ్డుగా సుమారు 16 కిలోమీటర్ల పొడవున పరచుకున్న హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ, దాని వెనుక ఉన్న మడ అడవి చేసే పని విలువ ఎంతన్నది ఊహించుకోవలసిందే తప్ప చేతికి చిక్కదు.

అయితే పూర్తిగా చిక్కదని కూడా కాదు. 1999లో ఒడిశాను తాకిన మహా తుపాను తర్వాత కేంద్రపడా జిల్లాలోని గ్రామాలను పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం, సముద్రానికీ తమకూ మధ్య వెడల్పైన మడ అడవి ఉన్న ఊళ్ళలో మరణాలు తక్కువగా ఉన్నాయని, అడవి సన్నబడిన చోట లేదా లేనిచోట ఎక్కువగా ఉన్నాయని గణాంకాలతో చూపింది. ముందస్తు హెచ్చరికలు, ఊరి ఎత్తు, సముద్రం నుంచి దూరం వంటి ఇతర కారణాలను వేరుచేసి చూసినా ఆ తేడా మిగిలింది. అంటే జరగని నష్టాన్ని లెక్కకట్టవచ్చు. కాకపోతే ఆ లెక్క తుపాను వచ్చి పోయాక తేలుతుంది, ఎవరి కాపలా వల్ల ఆ అడవి అప్పటిదాకా నిలిచిందో ఆ మనుషుల పేర్లు అందులో ఉండవు. గణాంకం అడవికి విలువ కడుతుంది, కాపరికి కట్టదు.

మన దేశంలో అడవి రక్షకులకు ఇప్పుడున్న గౌరవాలలో బాగా స్థిరపడినది అమరవీరుల సంస్మరణ. సెప్టెంబరు 11ను జాతీయ అటవీ అమరవీరుల దినంగా కేంద్ర ప్రభుత్వం 2013లో ప్రకటించింది. 1730లో జోధ్‌పూర్ రాజ్యంలోని ఖేజడ్లీ గ్రామంలో, రాజుగారి కట్టడానికి కావలసిన సున్నం కాల్చేందుకు చెట్లు నరకడానికి వచ్చినవారిని అడ్డుకుని, అమృతాదేవి అనే స్త్రీతో సహా 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చిన ఘట్టానికి గుర్తు అది. వారు కాపాడిన ఖేజ్డీ మనకు పరాయి చెట్టు కాదు; దసరానాడు మనం పూజించి ఆకులు పంచుకునే జమ్మి చెట్టే. అమృతాదేవి పేరిట వన్యప్రాణి రక్షణకు కేంద్రం ఒక పురస్కారాన్ని కూడా ఇస్తోంది.

ఈ అమరవీరుల వరుసలో డెల్టా తనవాడిగా చెప్పుకోదగిన పేరు ఒకటి ఉంది. డెల్టాకు తలవాకిలి వంటి రాజమండ్రిలో 1954లో పుట్టిన పందిళ్ళపల్లి శ్రీనివాస్ భారత అటవీ సర్వీసులో చేరి, కర్ణాటక కేడర్‌లో పనిచేశారు. గంధపు చెక్కల స్మగ్లర్ వీరప్పన్‌ను పట్టుకునే బాధ్యతలో ఉండగా, ఆయన వీరప్పన్ సొంత ఊరైన గోపీనాథంలోనే ఉంటూ ఆ జనానికి వైద్యం, తాగునీరు అందేటట్లు చూశారు, మారియమ్మ గుడి కట్టించారు. తుపాకీతో కాక నమ్మకంతో ఆ ఊరిని స్మగ్లర్ల నుంచి వేరుచేయవచ్చునన్నది ఆయన ఆలోచన. లొంగుబాటు మాటను నమ్మి ఆయుధం లేకుండా వెళ్ళిన ఆయనను 1991 నవంబరు 10న వీరప్పన్ ముఠా చంపింది. 1992లో మరణానంతరం కీర్తిచక్ర ప్రకటించారు. గోపీనాథం జనం నేటికీ ఆయనను తమ మనిషిగా తలచుకుంటారు.

శ్రీనివాస్ స్మృతికి ఎంత గౌరవం ఇచ్చినా తక్కువే. కానీ ఆ గౌరవం ఏ భాగానికి దక్కిందో గమనించాలి. కీర్తిచక్ర ఆయన మరణానికి దక్కింది. మరణానికి ముందు ఆయన గోపీనాథంలో ఓపికగా చేసిన పనికి, అంటే ఊరిని అడవి పక్షాన నిలబెట్టిన పనికి, ప్రభుత్వ పురస్కారాల పట్టికలో వేరుగా చోటు లేదు. అమరత్వం చుట్టూ అల్లుకున్న గౌరవానికి ఎదురుగా ఒక శత్రువు కావాలి, ఒక తుపాకీ కావాలి, ఒక తేదీ కావాలి. మడ అడవిలో అవేవీ ఉండవు. ఇక్కడి ప్రమాదాలు పడవ తిరగబడడం, పాము కాటు, తుపాను వేళ పాయలో చిక్కుకోవడం, ఏళ్ళ తరబడి ఉప్పుగాలిలో ఆరోగ్యం చెడడం. వీటిలో ప్రాణం పోయినా అది వీరమరణంగా కాక ప్రమాదంగా నమోదవుతుంది. ప్రాణం పోకుండా ముప్పై ఏళ్ళు పనిచేసి దిగిపోయినవారి సంగతి ఏ సంస్మరణ సభకూ అందదు.

రెండో రకం గౌరవం మొక్కలు నాటేవారికి దక్కేది. కేంద్ర ప్రభుత్వం ఇందిరా ప్రియదర్శిని వృక్షమిత్ర పురస్కారాలను 1986లో నెలకొల్పింది. తర్వాతి దశాబ్దాల్లో పద్మశ్రీలు ఈ దిశలో నడిచాయి: ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యకు 2017లో, కర్ణాటకకు చెందిన సాలుమరద తిమ్మక్కకు 2019లో, తులసి గౌడకు 2020 సంవత్సరానికి ఆ గౌరవం వచ్చింది. ఇంటిపేరు మరుగునపడి వనజీవి రామయ్యగా జనం నోట నిలిచిన ఆ పెద్దాయనకు జనం పెట్టుకున్న పేరే పద్మశ్రీ కంటే ముందు వచ్చిన బిరుదు. ఇలాగే కేరళలోని కణ్ణూరు జిల్లాలో మడ మొక్కలు నాటుతూ 2015లో కన్నుమూసిన దళిత రైతుకూలీ కల్లెన్ పొక్కుడన్‌ను అక్కడి జనం కండల్ పొక్కుడన్ అని పిలుచుకున్నారు. కండల్ అంటే మలయాళంలో మడ చెట్టు. ప్రభుత్వాలు ఇచ్చే బిరుదులకంటే ఇటువంటి పేర్లకు ఆయుస్సు ఎక్కువ.

మొక్కలు నాటడం గొప్ప పని, అందులో సందేహం లేదు. అయితే పురస్కారాల చూపు నాటడం మీదే నిలిచిపోవడానికి కారణం మొక్కలను లెక్కపెట్టవచ్చు, ఫొటో తీయవచ్చు, ప్రారంభోత్సవం చేయవచ్చు. మడ అడవి విషయంలో ఈ చూపు దారి తప్పించే ప్రమాదం కూడా ఉంది. మడ మొక్క ఎక్కడపడితే అక్కడ నాటితే బతకదు. తూర్పు తీరంలోని మడ అడవులను ఒకప్పుడు కూపులుగా విభజించి, ఒక్కో కూపులో చెట్లన్నింటినీ ఒకేసారి నరికి అమ్మే పద్ధతి ఉండేది. నీడ పోయిన బురద ఎండకు ఆరి కుంగిపోయి పళ్ళెంలా పల్లమయ్యేది. పోటు తెచ్చిన నీళ్ళు పాటుతో వెనక్కి పోకుండా అందులో నిలిచి, ఆవిరై, ఉప్పు పేరుకునేది. అంత ఉప్పులో విత్తనం మొలవదు, నాటిన మొక్క నిలవదు. అడవి పాడవడానికి పుల్లలు ఏరుకునే పల్లెవాళ్ళే కారణమని అప్పటిదాకా వేసిన నింద ఎంతవరకు సమంజసమో ఈ వివరణతో మళ్ళీ ఆలోచించవలసి వచ్చింది.

దీనికి విరుగుడుగా ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ 1990ల చివరి నుంచి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో అటవీశాఖతోను, గ్రామ సంఘాలతోను కలిసి అమలు చేసిన పద్ధతిలో మొక్క కంటే కాలువ ముఖ్యం. పాయ నుంచి పాడైన నేలలోకి ఒక పెద్ద కాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వుతారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటుతో నీరు ప్రతి మూలకూ చేరి, పాటుతో వెనక్కి పోతూ ఉప్పును కడుగుతుంది. ఆ తర్వాతే తెల్లమడ వంటి మొక్కలు నాటుతారు. కాలువలు పూడిపోకుండా బురద తీస్తూ ఉండకపోతే మొదటికి మోసం వస్తుంది. ఇందులో అసలు శ్రమ ఆ పూడికతీతలో ఉంది: నడుములోతు బురదలో దిగి, పలుగూ పారతో, పాటు నడిచే నాలుగైదు గంటల్లో చేయవలసిన పని. మొక్క నాటే రోజున అతిథులు వస్తారు, మూడో ఏట పూడిక తీసే రోజున ఎవరూ రారు. ఒక అడవి పునరుద్ధరణకు గౌరవం ఇవ్వదలిస్తే ఆ మూడో ఏటి కూలీలను వెతికి ఇవ్వడం న్యాయం.

తాబేళ్ళ విషయంలో ఈ చిక్కు మరో రూపం తీసుకుంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు హోప్ ఐలాండ్ మీద, డెల్టా తీరంలోని మరికొన్ని ఇసుక ఒడ్డుల మీద రాత్రివేళ గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వందకు అటూఇటూగా ఉండే ఆ గుడ్లను కుక్కలు, నక్కలు తవ్వి తినకుండా ఏరి, హేచరీలో పాతిపెట్టి, 45 నుంచి 60 రోజుల తర్వాత బయటికి వచ్చిన పిల్లలను సముద్రంలో వదిలేదాకా కాపలా కాయాలి. పిల్లలు వదిలే తెల్లవారుజామున అధికారులు, కెమెరాలు ఉండడం మంచిదే. కానీ ఆ పిల్లలు పెరిగి గుడ్లు పెట్టడానికి పదేళ్ళకు పైగా పడుతుంది, వెయ్యికి ఒకటి మాత్రమే ఆ వయసుకు చేరుతుందని అంచనా. ఈ ఏడాది కాపలా కాసినవాడి పని ఫలించిందో లేదో తెలిసేసరికి అతడు వేరే కూలికి పోయి ఉంటాడు. ఫలితాన్ని చూసి మాత్రమే గౌరవించాలనే పద్ధతికి ఈ పని ఎప్పటికీ లొంగదు. శ్రద్ధను చూసి గౌరవించక తప్పదు.

సముద్రంలో కథ ఇంకా క్లిష్టం. మరపడవల ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చే తాబేళ్ళు తీరానికి కొట్టుకురావడం ఏటా కనిపించే దృశ్యమే. చిక్కిన తాబేలు బయటికి పోయేటట్లు వలకు అమర్చే టెడ్ అనే పరికరం ఉంది. దానివల్ల పట్టుబడిలో కొంత జారిపోతుందన్నది మత్స్యకారుల అభ్యంతరం, ఆ అభ్యంతరంలో కొంత నిజం ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఎలాగూ ఉంది. చట్టాన్ని పాటించినవాడికి బిరుదేమిటని అడగవచ్చు. ప్రశ్న సరైనదే, కాకపోతే అదే తీరంలో చట్టాన్ని పాటించినవాడు పాటించనివాడి పక్కనే వల వేసి, తక్కువ చేపతో రేవుకు వస్తున్నంత కాలం, పాటించడం అనేది ఒక రకమైన దానం. దానం చేసేవాడి నష్టాన్ని పూడ్చకుండా అతడి మంచితనాన్ని పొగిడితే అది గౌరవం అనిపించుకోదు.

వదులుకోవడం అన్నది తీరగ్రామాల్లో ఎక్కువగా ఆడవాళ్ళ వంతుకు వచ్చింది. మడ కట్టె బాగా మండుతుంది, నిలకడగా కాలుతుంది. అడవి పక్క ఊళ్ళలో తరతరాలుగా పొయ్యిలోకి అదే. సంఘాల ద్వారా వంటగ్యాసు, పొగ తక్కువ వచ్చే పొయ్యిలు రావడం వల్ల ఆ అలవాటు తగ్గింది. దాన్ని పథకం విజయంగా నివేదికలు రాస్తాయి. అయితే సిలిండరు ధర పెరిగిన నెలలో కూడా అడవివైపు పోకుండా సర్వి చెత్త, కొబ్బరి మట్టలు ఏరుకుని వంట ముగించిన ఇల్లాలి నిర్ణయం ఏ నివేదికలోనూ ఉండదు. ఈ రకమైన పనికి ఒక్కరిని ఎంచి వేదిక ఎక్కిస్తే మిగతావాళ్ళను కించపరిచినట్లవుతుంది. మత్స్యకార గ్రామాల్లో కట్టుబాటు ఊరంతా కలిసి చేసుకునేది; దాన్ని తప్పినవారికి తప్పు వేసేదీ ఊరే. అటువంటప్పుడు ఊరికి దక్కవలసిన గౌరవాన్ని ఒకరికి కట్టబెడితే తర్వాతి సంవత్సరం సంఘంలో రెండు వర్గాలు తయారవుతాయి. ఊరుమ్మడిగా చేసిన పనికి ఊరుమ్మడి ప్రతిఫలం ఉండాలి: మంచినీళ్ళ ట్యాంకు, పడవల రేవు మరమ్మతు, తుపాను రక్షణ భవనం వంటివి. సాకు ఏదైనా అవి ఎలాగూ ఇవ్వవలసినవే కదా అనవచ్చు. నిజమే, కానీ వరుసలో ఎవరిది ముందన్న ప్రశ్న వచ్చినప్పుడు అడవిని నిలబెట్టిన ఊరిది ముందుండడం ఒక స్పష్టమైన మాట చెప్పినట్లవుతుంది.

గోదావరి జిల్లాల్లో సన్మానాలకు లోటు లేదు. శాలువా, పూలదండ, జ్ఞాపిక, ఆపైన నాలుగు ప్రసంగాలు. ఏప్రిల్ ఉక్కపోతలో ఉన్నిశాలువా కప్పించుకుని కూర్చునే వాచరు పరిస్థితి మీద సానుభూతి కలుగుతుంది. సన్మానం తప్పని ఎవరూ అనరు. కానీ తాత్కాలిక వేతనం మీద పనిచేసే మనిషికి సన్మానం తర్వాత మిగిలేది ఏమిటన్నది అడగాలి. నెలనెలా ఆలస్యం లేకుండా జీతం, పడవలో లైఫ్ జాకెట్, నమ్మదగిన ఇంజను, తాగునీటి డబ్బాలు, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాము కాటు మందు, ప్రమాద బీమా, పదేళ్ళు దాటిన సేవకు ఏదో ఒక భద్రత. ఇవన్నీ హక్కులు, గౌరవాలు కావనే వాదం ఉంది. ఆ వాదం పుస్తకంలో బాగుంటుంది. ఆచరణలో, హక్కు అందని మనిషికి ఇచ్చే గౌరవం అతడి లేమిని వేదిక మీద అందరికీ చూపించడమే అవుతుంది. జులై 31న ప్రపంచ రేంజర్ల దినం, జులై 26న మడ అడవుల దినం అయిదు రోజుల తేడాతో వస్తాయి. ఆ వారంలో వేదిక ఖర్చు తగ్గించి, ఆ డబ్బుతో ఎన్ని పడవలకు లైఫ్ జాకెట్లు వస్తాయో లెక్కవేయడం శాఖకైనా, స్వచ్ఛంద సంస్థలకైనా పెద్ద పని కాదు.

జీతభత్యాల తర్వాత మిగిలేది నమోదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజల భాగస్వామ్యంతో ఒక జీవవైవిధ్య రిజిస్టరును తయారు చేయాలి. ఊళ్ళో ఏ చెట్లు, ఏ చేపలు, ఏ పక్షులు ఉన్నాయన్న దానితోపాటు వాటి గురించి తెలిసినవారెవరు, వారికి తెలిసినదేమిటి అన్నదీ అందులో రాయవచ్చు. ఏ తిథికి పోటు ఎంత ఎత్తు వస్తుంది, ఏ పాయ ఎప్పుడు పూడింది, ఏ మలుపులో పక్షులు గూళ్ళు కడతాయి, ఏ గాలికి తాబేళ్ళు ఒడ్డెక్కుతాయి అన్నవి ఇప్పుడు కొందరు పెద్దవాళ్ళ జ్ఞాపకంలో మాత్రమే ఉన్నాయి. వారి పేరుతో సహా రాసి ఉంచితే అది ఎంతోకాలం నిలిచే గౌరవం, పైగా అడవికి పనికొచ్చే సమాచారం. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. చెప్పినవారి సమ్మతి లేకుండా పేరు బయటపెట్టకూడదు, ఎందుకంటే వేటగాళ్ళ గురించో కలప దొంగల గురించో సమాచారమిచ్చే మనిషికి పేరు రావడమంటే ముప్పు రావడం. అలాగే గూళ్ళు, గుడ్లు ఉండే కచ్చితమైన చోట్లు అందరూ చదివే కాగితంలో ఉండకూడదు.

డెల్టాకు తనదైన స్మరణ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. గోదావరి ఏడు పాయలకు సప్తర్షుల పేర్లు ముడిపెట్టి, చొల్లంగి అమావాస్యనాడు చొల్లంగిలో స్నానంతో మొదలుపెట్టి అంతర్వేది దాకా ఒక్కో సంగమంలో స్నానం చేసే సప్తసాగర యాత్ర అటువంటిది. మడ అడవి అంచునే మొదలయ్యే ఈ యాత్రలో వేలమంది ఏటా ఆ దారిన నడుస్తారు. చొల్లంగి దగ్గర అడవిలోకి వేసిన చెక్కదారి మీద కూడా సందర్శకులు తిరుగుతారు. 2027లో రానున్న పుష్కరాలకు జనం లక్షల్లో వస్తారు. నది కొసన ఉన్న అడవి ఎవరి చేతుల్లో ఉందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సభ మరెక్కడా దొరకదు. యాత్ర తరఫున, ఆలయాల తరఫున, అడవిని కాపాడే ఊళ్ళకు తాంబూలం ఇప్పించడం కొత్త ఆచారమే అయినా పరాయిది కాదు. జాతరలో మొదటి తాంబూలం ఎవరికన్నది ఊరి గౌరవ క్రమాన్ని చెప్పే సంగతేనని ఇక్కడివారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇంతవరకు చెప్పిన గౌరవాలన్నీ ప్రభుత్వంతో కలిసి పనిచేసేవారికి వర్తిస్తాయి. ప్రభుత్వాన్ని అడ్డుకుని అడవిని కాపాడినవారి సంగతి వేరు, ఏ పురస్కార సంఘమైనా అసౌకర్యంగా కదిలేది ఇక్కడే. 1990ల మొదట్లో డెల్టా తీరమంతా రొయ్యల చెరువులు విస్తరించినప్పుడు, తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పి, తీరప్రాంత నియంత్రణ మండలంలో పారిశ్రామిక రొయ్యల సాగును నిషేధించింది. కోనసీమ తుపాను గడిచి అప్పటికి అయిదు వారాలు. తర్వాత 2005లో వచ్చిన చట్టం ఆ నిషేధాన్ని చాలావరకు సడలించింది. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ళ స్థలాల కోసం మడ చెట్ల తొలగింపు మీద వచ్చిన వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదలకు ఇళ్ళు కావాలన్నది నిజం. వాటికి అడవి తప్ప వేరే చోటు లేదా అని అడిగినవారిది కూడా ప్రజాపక్షమే. ఇటువంటి ప్రశ్న అడిగినవారికి ఊళ్ళో ముందుగా వచ్చే పేరు అభివృద్ధి నిరోధకులన్నది. ఏ జిల్లా వేడుకలోనూ వారికి ప్రశంసాపత్రం ఇవ్వరు, ఇస్తారని వారు ఎదురుచూడరు కూడా.

వీరిని గౌరవించడానికి కొత్త పురస్కారం పెట్టనక్కరలేదు. వారి దారిలో ఉన్న ఖర్చును చూస్తే చాలు. పర్యావరణ హానిపై ఎవరైనా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చునని 2010 చట్టం అంటుంది, కానీ దక్షిణ రాష్ట్రాల ధర్మాసనం చెన్నైలో ఉంది. కాకినాడ మత్స్యకారుడు ఒక వాయిదాకు హాజరు కావాలంటే రెండు రాత్రుల రైలు ప్రయాణం, మూడు రోజుల వేట నష్టం, వకీలు ఫీజు, ఆపైన ఊళ్ళో తెలిసినవాళ్ళ చిన్నచూపు. ఊరి పక్క అడవి కోసం వేసిన కేసుకు పంచాయతీ తీర్మానం చేసి దారిఖర్చు భరించడం, మత్స్యకార సహకార సంఘం ఆ మూడు రోజుల కూలి ఇవ్వడం, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెట్టడం, వీడియో ద్వారా విచారణకు హాజరయ్యే ఏర్పాటును మండల కేంద్రంలో అందుబాటులో ఉంచడం, ఇవేవీ ప్రస్తుత చట్టాలకు బయటివి కావు. పంచాయతీ పెద్దలు ఆ తీర్మానం మీద సంతకం పెట్టడానికి జంకుతారన్నది వాస్తవమే, ఎందుకంటే చెరువుల లీజుదారులు, స్థలాల కోసం అర్జీ పెట్టుకున్నవారు, కేసు వేసినవారు ఒకే ఊరివాళ్ళు, ఒకే ఎన్నికల్లో ఓటేసేవాళ్ళు.